కొప్పు పుల్ల కిట్: కర్ర మంచిదే, సూచనలే అరకొర

కొప్పులో పెట్టుకునే పుల్లను మనమే చెక్కుకోవడానికి బెంగళూరులో కొన్న ఈ కిట్‌లో 20 సెం.మీ. పొడవు, 12 మి.మీ. మందం ఉన్న రెండు అంకుడు కర్ర ముక్కలు, 120, 220, 400 నంబరు శాండ్‌పేపర్లు, అవిసె నూనె సీసా ఉన్నాయి. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలకూ మన ఏటికొప్పాక బొమ్మలకూ వాడేది ఈ కర్రే. చాకుకు ఎంత చక్కగా లొంగుతుందో!

ముందు చూడాల్సింది నార, అంటే కర్రలోని పోగుల వరస. పుల్ల పొడవునా తిన్నగా సాగాలి. ఏటవాలుగా పోతే కొప్పులో మెలిపెట్టగానే నడిమికి విరుగుతుంది. రెండు ముక్కల్లో ఒకటి అలాంటిదే వచ్చింది, ఇది చిన్న లోపం కాదు. కర్ర మెత్తన కాబట్టి నడుమ 8 మి.మీ. కంటే సన్నం చేయకండి. మొన గుండ్రంగా ఉండాలి, సూదిగా చెక్కితే మాడు గీరుకుంటుంది.

220 శాండ్‌పేపరుతో రుద్దడం అయ్యాక తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలని సూచనల కాగితంలో లేనే లేదు. అది మానేస్తే తడి జుట్టు తగలగానే కర్రపై నూగు లేచి వెంట్రుకలు చిక్కుకుంటాయి. ఆరాక 400తో నార వెంటే రుద్దాలి.

నూనె పలచగా పూసి పావుగంటకు తుడిచేయండి. జిడ్డు పూర్తిగా పోయాకే రెండో పూత. వానాకాలంలో ఇంకాస్త ఆగాలి. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకోవచ్చు. విప్పి ఆరేయండి.