ఎల్లిస్ ఐలాండ్ వలస మ్యూజియం: కోటా చట్టాల చరిత్ర తెలుసుకుని చూడవలసిన చోటు

న్యూయార్క్ రేవులో పడవెక్కినవారిలో చాలామంది స్వేచ్ఛా విగ్రహం దగ్గరే పూటంతా గడిపి, ఎల్లిస్ ఐలాండ్‌ను పైపైన చూసి వెళ్లిపోతారు. ఒకే టిక్కెట్టు రెండు దీవులకూ చెల్లుతుంది కాని, నన్నడిగితే ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఈ మ్యూజియానికే.

1892 నుంచి 1954 వరకు వలసదారుల తనిఖీ కేంద్రంగా పనిచేసిన ఈ దీవి ద్వారా 1.2 కోట్ల మందికి పైగా అమెరికాలో అడుగుపెట్టారు. రెండో అంతస్తులో, ఎత్తైన కమాను పైకప్పు కింద ఉన్న రిజిస్ట్రీ హాలే ఇక్కడి ప్రధాన ఆకర్షణ. మెట్లెక్కి వచ్చేవారిని వైద్యులు గమనిస్తూ, కుంటుతున్నవారి దుస్తులపైనా గుండెజబ్బు ఉందని అనుమానించినవారి దుస్తులపైనా సుద్దముక్కతో ఒక్కొక్క అక్షరం రాసేవారు.

అయితే ఈ హాలు ఎందుకు ఖాళీ అయిందో తెలియాలంటే కోటా చట్టాల సంగతి తెలిసి ఉండాలి. 1910 జనాభా లెక్కల్లో ఏ దేశంలో పుట్టినవారు ఎందరున్నారో, అందులో 3 శాతాన్నే ఏటా రానిస్తామని 1921 చట్టం చెప్పింది. నెలకింత అనే పరిమితి కూడా ఉండటంతో, కొత్త నెల మొదలయ్యే అర్ధరాత్రి వేళకు ఓడలు రేవు బయట కాచుకుని ఉండి, లోపలికి ముందు చేరడానికి పోటీపడేవి. వెనకబడ్డ ఓడలోనివారు సముద్రం దాటి వచ్చి కూడా వెనుదిరగవలసి వచ్చేది. 1924 చట్టం శాతాన్ని 2కు తగ్గించడమే కాక, లెక్కను 1890కి వెనక్కి జరిపింది. దక్షిణ, తూర్పు ఐరోపావాసులు ఎక్కువగా వచ్చింది ఆ తరువాతే కాబట్టి ఈ మార్పు ఉద్దేశం దాపరికం లేనిది: సుమారు 42 వేలున్న ఇటలీ కోటా 3,845కు పడిపోయింది. పౌరసత్వానికి అనర్హులన్న పేరుతో మన దేశస్థులతో సహా ఆసియావాసులను దాదాపు పూర్తిగా నిషేధించారు. 1946లో భారతీయులకు దక్కిన కోటా ఏడాదికి 100 మాత్రమే.

1924 తరువాత వడపోత విదేశాల్లోని అమెరికా కాన్సులేట్లకు (దౌత్య కార్యాలయాలకు) మారి, ఈ దీవి ప్రధానంగా నిర్బంధ కేంద్రమైంది. ఆ కాన్సులేట్లలోనే ఆగిపోయినవారి జాడ ఈ గోడలపై దొరకదు. ఛాయాచిత్రాల్లోని ముఖాలన్నీ ఇక్కడిదాకా రాగలిగినవారివే. అందుకే ఈ తేదీలు గుర్తుపెట్టుకుని చూస్తే ప్రదర్శనలకు అర్థం మారుతుందని నా నమ్మకం.

ఉదయపు మొదటి పడవకే వెళ్లి, ఆడియో గైడ్ తప్పక తీసుకోండి. ముందుగా స్వేచ్ఛా విగ్రహం ఉన్న లిబర్టీ దీవిలో దిగేవారికి ఒక మాట: దేశాలవారీ కోటాలను రద్దుచేసిన చట్టంపై 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసింది అక్కడే.