ఏడాది బైబిలు పఠన పట్టిక: ఫిబ్రవరిలో ఆగకుండా నడవాలంటే

డిసెంబరు వచ్చిందంటే ఒంగోలు, నెల్లూరు క్రైస్తవ పుస్తకాల షాపుల్లో వాగ్దాన కార్డుల పక్కనే బైబిలు పఠన పట్టికలు కూడా పెడతారు. మడతపెట్టే అట్ట, పన్నెండు నెలలు, రోజుకో గడి, గడిలో ఆ రోజు చదవాల్సిన అధ్యాయాలు. ధర తక్కువ, బైబిల్లో ఇమిడిపోతుంది. కొనదగ్గ వస్తువే. కానీ చాలామంది పట్టికల్లో ఫిబ్రవరి నుంచి గడులు ఖాళీగానే ఉంటాయి. భక్తి లేక కాదు. పట్టిక వేసిన తీరులోనే ఆ ఇబ్బంది ఉంది.

లెక్క చూడండి. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు, అంటే వారానికి 23. ఆదికాండము నుంచి వరసగా పోతే జనవరి నాలుగో వారంలో నిర్గమకాండము 25వ అధ్యాయం తగులుతుంది. అక్కణ్ణుంచి ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారమైన ప్రత్యక్ష గుడారం కొలతలు, తెరలు, పలకలు, దిమ్మలు. ఆ వెనకే లేవీయకాండములో 27 అధ్యాయాలు. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రకాశం పల్లెల్లో పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు మండుతుంటాయి. రాత్రంతా మంట కాచిన మనిషి తెల్లారి మూడు అధ్యాయాలు ఏం చదువుతాడు? ఒకరోజు తప్పితే మర్నాటికి ఆరు, మూడు రోజులు తప్పితే నాలుగో నాటికి పన్నెండు. ఆ తర్వాత పట్టిక తెరవడానికే మనసొప్పదు.

తప్పిన రోజుకు చోటు లేకపోవడమే వీటిలో పెద్ద లోపం. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కొత్త నిబంధన పట్టిక అడిగి తీసుకోండి. 260 అధ్యాయాలు, రోజుకొకటి, వారానికి ఐదు రోజులు: 52 వారాలకు లెక్క సరిపోతుంది. మిగిలిన రెండు రోజులూ తప్పినవి పూర్తి చేసుకోవడానికే. అలాంటి పట్టిక దొరక్కపోతే వంద పేజీల నోటుబుక్కులో అరగంటలో గీసుకోవచ్చు. రోజుకు నాలుగు అధ్యాయాల పద్ధతి కూడా ఉంది. స్కాట్లాండు పాస్టరు మెక్చేన్ 1842లో తన సంఘం కోసం వేసిన పట్టిక అది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. చదువు అలవాటు పడ్డవాళ్లకే అది.

రెండో లోపం ఇంకా లోతైనది. చదివితే టిక్కు పెడతాం, మరి చదివింది చేశామా అన్నదానికి గడి లేదు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో అద్దంలో ముఖం చూసుకుని, పోగానే మరచిపోయే మనిషి ఉన్నాడే, ఈ పట్టిక మనల్ని సరిగ్గా అక్కడే వదిలేస్తుంది. దీనికి మందు సులువు. వారానికొక తీర్మానం పట్టిక వెనక రాయండి: ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తాను. "చెల్లెలితో సమాధానపడాలి" అని రాస్తే అది అలాగే ఉండిపోతుంది. "శనివారం కందుకూరు నుంచి వచ్చేటప్పుడు చెల్లెలి ఊళ్లో బస్సు దిగి, పొలం గట్టు మాట నేనే ఎత్తి, క్షమించమని అడుగుతాను" అని రాస్తే శనివారం బస్సులోనే గుర్తొస్తుంది. లూకా సువార్తలో సుంకరి జక్కయ్య తీర్మానం చూడండి: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. అంకెలతో సహా చెప్పాడు. మన తీర్మానాలకు ఆ మాత్రం స్పష్టత కావాలి.

చదివే వేళను గడియారానికి కాకుండా రోజూ ఎటూ చేసే పనికి ముడిపెట్టండి. రొయ్యల చెరువు మీద ఉండేవాళ్లయితే పొద్దున మొదటి మేత చల్లాక, రొయ్యలు ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే తీసి చూసేదాకా కాస్త ఖాళీ దొరుకుతుంది. ఒక అధ్యాయానికి ఆ వ్యవధి చాలు. ఇంట్లో ఉండేవాళ్లకు పాలు కాచి పొయ్యి కట్టేసిన వేళ. పట్టిక బైబిల్లో దాచకండి, ఆ పని చేసేచోటే మేకుకు తగిలించి పెన్ను దారంతో కట్టండి.

కొనేటప్పుడు అట్టను వేలితో రుద్ది చూడండి. మెరిసే అట్ట మీద బాల్‌పెన్ను జారుతుంది, జెల్ పెన్ను ఆరక ముందే అలుక్కుపోతుంది. ఎండాకాలం చెమట చేత్తో తాకితే ఆ పక్క గడి కూడా నల్లబడుతుంది. గరుకు అట్టే మేలు. గడి కనీసం చిటికెన వేలి గోరంత ఉండాలి.

జనవరి 1 కోసం ఆగాలా అంటే, ఈ ప్రాంతంలో ఆ తేదీకి విలువుంది. 1854లో ఆ రోజు తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, కొద్దిమంది విశ్వాసులు ఒంగోలు కొండ మీద ఈ ఊరి కోసం మోకరించారు. అయితే అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చి పని మొదలుపెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. కొండ మీది ఉదయాన్ని చెప్పుకున్నంతగా ఆ పన్నెండేళ్ల ఓర్పును మనం చెప్పుకోం. కొత్త నిబంధన పట్టికకు తేదీతో పనిలేదు. వచ్చే సోమవారం మత్తయి 1. అందులో పేర్ల వరస చూసి బెదరకండి, 25 వచనాలే.