ఫ్యాను కొత్తదని బోటు కొనకండి

పాత బోటు కొనే ఆలోచనలో ఉన్నవారికి ఒక మాట. ఫ్యాను అంటే బోటు వెనక నీళ్లలో తిరుగుతూ దాన్ని ముందుకు నెట్టే ప్రొపెల్లర్. అమ్మే మనిషి "ఫ్యాను కూడా కొత్తది వేయించామండి" అన్నాడంటే సంతోషించకండి. పాత ఫ్యానుకు ఏమైందని అడగండి. నేను అడగలేదు. అందుకు మాకు ఇప్పటివరకు అయిన ఖర్చు రెండు లక్షల పైమాటే.

కాకినాడలో నేనూ మా బావమరిదీ కలిసి ఈ వేసవిలో ఒక కొయ్యబోటు కొన్నాం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. ఆ 61 రోజుల్లోనే బోట్లు ఒడ్డెక్కుతాయి, రంగులు పూసుకుంటాయి, చేతులు మారతాయి. కొనేవాడికి అందులో ఒక లాభం ఉంది, అడుగుభాగమంతా కళ్లెదుటే ఉంటుంది. ఒక నష్టమూ ఉంది, సముద్రంలో నడిపి చూసే వీలుండదు. మేము ఆ లాభాన్ని వాడుకోలేదు, నష్టానికి మాత్రం దొరికిపోయాం. ఇంజను స్టార్టు చేయించి పొగ రంగు చూశాం. పలకలు తట్టి చూశాం. వెనక్కి వెళ్లి, తళతళలాడుతున్న ఫ్యానును చేత్తో నిమిరి, తృప్తిగా బయానా ఇచ్చి వచ్చాం.

జూన్ 15 తెల్లవారుజామున బయలుదేరాం. ఉప్పుటేరులో నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ ఏమీ తెలియలేదు. హోప్ ఐలాండ్ దాటి వేగం పెంచాక, ఇంజను నిమిషానికి 1,400 చుట్లు దాటగానే కాళ్ల కింద పలకలు సన్నగా వణకసాగాయి. బోటు నడిపే సరంగు గేరు తీసేసి ఇంజనును అదే వేగంతో తిప్పి చూశాడు. వణుకు లేదు. గేరు వేస్తే మళ్లీ మొదలు. అంటే దోషం ఇంజనుది కాదు, గేరుపెట్టెకు వెనక ఎక్కడో ఉంది. ఫ్యానును తిప్పే పొడవాటి కడ్డీని షాఫ్టు అంటారు, అది బోటులోంచి బయటికి వెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా ఆపేది గ్లాండు. కిందికి దిగి చూస్తే ఆ గ్లాండు నుంచి నీళ్లు ధార కడుతున్నాయి. షాఫ్టు తిరిగేటప్పుడు అక్కడ నాలుగు చుక్కలు పడటం మామూలే, ఆ చుక్కలే దాన్ని చల్లగా ఉంచుతాయి. ఇది అలాంటిది కాదు. నట్లు బిగిస్తే కాసేపు ఆగింది కానీ, గ్లాండు చేయి పెట్టలేనంతగా వేడెక్కింది. వల నీళ్లలో పడకుండానే వెనక్కి తిరిగాం. డీజిలు, ఐసు, కళాసీల భత్యం అన్నీ దండగ.

మళ్లీ ఒడ్డుకు లాగించి షాఫ్టు ఊడదీయించాం. షాఫ్టు తిరగడానికి ఆనుగా ఉండే వెనక బుష్ చుట్టూ అరిగిపోయి నోరు వెడల్పయింది. షాఫ్టు మాత్రం ఒకే పక్క రాసుకుని మెరుస్తోంది. మేస్త్రీ ఆ మెరుపు చూసి, కొలవకుండానే "వంగింది" అన్నాడు. ఇంజను వరుస తప్పితే, అంటే ఇంజనూ షాఫ్టూ ఒకే గీతలో లేకపోతే, బుష్ ఒక పక్క అరుగుతుంది. షాఫ్టు వంగితే దాని వంపు పక్కే తిరిగి తిరిగి బుష్‌ను అన్ని వైపులా తినేస్తుంది. ఈ తేడా నాకు అప్పుడే తెలిసింది.

ఆ బోటులో అంతకుముందు పనిచేసిన కళాసీ ఒకరు తర్వాత అసలు సంగతి చెప్పారు. కిందటేడు వరదల తర్వాత భైరవపాలెం వైపు, గోదావరి మొగ దగ్గర, నీళ్లలో మునిగి ఉన్న దుంగను కొట్టారట. ఫ్యాను రెక్క ఒకటి మడతపడింది. రెక్క అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఫ్యాను మార్చారు. వంపు ఎవరికీ కనిపించదు కాబట్టి షాఫ్టు వదిలేశారు. అమ్మిన ఆయనకు ఫోను చేస్తే "చూసుకునే కదా కొన్నారు" అన్నాడు. కోపం వచ్చింది కానీ, అందులో అబద్ధమేమీ లేదు.

బోటు ఒడ్డు మీద ఉంటే ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టించండి. గట్టి తీగ ఒకటి బోటుకు బిగించి, దాని మొనను ఫ్యానుకు కాస్త ముందు షాఫ్టుకు తగిలీ తగలనట్టు ఉంచండి. ఫ్యానును చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. సందు మారకూడదు. ఒకచోట విప్పుకుని ఎదురుచోట మూసుకుంటే షాఫ్టు వంకరే. సన్నని కదలికను కూడా ముల్లుతో చూపే డయల్ గేజితో చూస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది, కాకపోతే గేజి చూపేది అసలు వంపుకు రెట్టింపు ఉంటుందని గుర్తుంచుకోండి. తిప్పేటప్పుడు చుట్టులో ఒకచోట బరువుగా, మరోచోట తేలికగా అనిపించినా అనుమానించాల్సిందే.

లోపల షాఫ్టును గేరుపెట్టెకు కలిపే కప్లింగు బోల్టులు విప్పించి, రెండు ముఖాల మధ్య సందును ఫీలర్ గేజితో (సందులు కొలిచే సన్నని రేకులు) నాలుగు వైపులా కొలిపించండి. తర్వాత షాఫ్టును మాత్రమే పావు చుట్టు చొప్పున తిప్పుతూ మళ్లీ కొలవాలి. పెద్ద సందు ఉన్నచోటే ఉంటే ఇంజను వరుస తప్పినట్టు. షాఫ్టుతో పాటు అదీ తిరుగుతుంటే షాఫ్టో కప్లింగో వంకర అన్నమాట. వరుస సరిచేయడం మాత్రం బోటు నీళ్లలో దిగాకే చేయించాలి, ఒడ్డు మీద కొయ్యబోటు ఆకారం కొంచెం మారుతుంది.

ఫ్యాను ఊడదీయడానికి అమ్మేవారు ఒప్పుకుంటే షాఫ్టు మీద తాళం గాడి (ఫ్యాను జారకుండా పట్టే కీ కూర్చునే గాడి) మూలలు చూడండి. పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. కంటికి ఆనవు. ఎర్రరంగు మందు పూసి, తుడిచి, తెల్లమందు చల్లితే పగులు ఎర్రగీతగా పైకి వస్తుంది. ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి.

నిషేధం రోజుల్లో కొంటున్నట్లయితే మొత్తం డబ్బు ఒకేసారి చేతిలో పెట్టకండి. మేము పెట్టాం. జూన్ 15 తర్వాత పూర్తి వేగంతో నడిపి చూశాకే ఇచ్చేలా కొంత ఆపుకోవాలి, ఆ సంగతి కాగితం మీద రాయించుకోవాలి. ఈ గొడవలో నేనూ ఒక డయల్ గేజి కొన్నాను. కాకినాడలో బోటు చూడటానికి వచ్చేవారు ఎవరైనా అడిగితే ఇస్తాను, చూసుకుని తిరిగి ఇవ్వండి.