తగ్గించాలా, ఒక్కసారే మానేయాలా?

శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో తెల్లారకముందే పరుగులు తీసే కుర్రాళ్లు కొందరు, షూ లేసులైనా విప్పకుండా టీ బడ్డీ దగ్గర సిగరెట్ వెలిగిస్తారు. సైన్యంలో చేరడానికి పెట్టే అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పరిగెడితే 60 మార్కులు. ఒక్క సెకను దాటితే 48.

"పది తాగేవాణ్ని, మూడుకి దించాను కదన్నా" అంటాడొకడు. తగ్గించడం తేలికే, చిరాకూ తక్కువే. కానీ ఆ మూడింటినీ తెలియకుండానే గట్టిగా, లోతుగా లాగుతాడు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. అందుకే మూడో రౌండ్లో కాళ్లలో ఓపిక ఉన్నా ఊపిరి అందదు. పైగా టెన్షన్ పెరిగిన రోజు మూడు మళ్లీ ఆరవుతాయి.

పూర్తిగా మానేస్తే మొదటి వారం నరకమే. నిద్ర పట్టదు, ఇంట్లో అమ్మ మీద కూడా కసురుకుంటారు. కొందరికి దగ్గు కాస్త పెరుగుతుంది కూడా. అయితే ఒకట్రెండు రోజుల్లోనే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. ఊపిరితిత్తులు తేరుకోవడానికి మాత్రం వారాలు, నెలలు పడుతుంది.

"మా నాయనమ్మ అడ్డపొగ తాగి కూడా పొలం పని చేసింది" అనేవాళ్లు మన జిల్లాలో ఉంటారు. అడ్డపొగ అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. ఆవిడకెవరూ స్టాప్‌వాచ్ పట్టలేదు. అంగిలి క్యాన్సర్ భయం సరేసరి.

ర్యాలీకి మూడు నెలలుంటే నా ఓటు మానేయడానికే. వారమే ఉన్నా అంతే.