డ్రాగన్ బాల్ ‘పూర్తి సెట్టు’ కొనేవారికి హెచ్చరిక: 16 సంపుటాలతో కథ ముగియదు

పాత మాంగా పుస్తకాలు, అంటే జపాను బొమ్మల కథలు, అమ్మే ఆ వ్యక్తి పేరు ఇక్కడ రాయను. ‘పూర్తి సెట్టు, చివరి పేజీ వరకు గ్యారంటీ’ అని ప్రతి ప్రకటనలోనూ పెట్టేది ఎవరో మీలో చాలామందికి తెలుసు. పదో తరగతి పరీక్షలు ముగించిన మా తమ్ముడి కొడుకుకు డ్రాగన్ బాల్ మొత్తం కొనిస్తానని మాట ఇచ్చి, అతనికి 6,500 రూపాయలు ముందుగానే పంపాను. పంపే ముందు కథ ముగింపు ఇందులో ఉందా అని ఫోనులో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఉందనే చెప్పాడు.

వచ్చినవి 16 సంపుటాలు. పిల్లవాడు వాటిని నాలుగు రోజుల్లో చదివేసి, నిన్న రాత్రి చివరి పుస్తకం పట్టుకుని వచ్చి, “పెదనాన్నా, దీని తరువాతిది ఏది?” అని అడిగాడు. అప్పుడు గాని నేను వివరాలు వెతకలేదు. జపానులో ఇది 1984 నుంచి 1995 వరకు సాగిన ఒకే కథ. 519 అధ్యాయాలు, 42 సంపుటాలు. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు మాత్రం టీవీ యానిమేషన్ పేర్లను అనుసరించి మొదటి 16 సంపుటాలను డ్రాగన్ బాల్ అని, మిగిలిన 26 సంపుటాలను డ్రాగన్ బాల్ జెడ్ అని విడదీశారు. రోజూ ఇవే పుస్తకాలు అమ్మేవాడికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

వెంటనే ఫోను చేశాను. డబ్బు చేతికి అందేవరకు ‘సార్, మీరు’ అన్న మనిషి ఒక్కసారిగా ఏకవచనంలోకి దిగాడు. “డ్రాగన్ బాల్ అడిగావు, డ్రాగన్ బాల్ ఇచ్చాను. జెడ్ వేరే సరుకు” అన్నాడు. మరి ముగింపు ఉందని మూడుసార్లు ఎందుకు చెప్పారని అడిగితే, “జపాను వాళ్ళు కథను సాగదీస్తే దానికి నేనా బాధ్యుణ్ణి? ముగింపు కావాలంటే ఇంకో 11,000 పంపు” అని పెట్టేశాడు. తరువాత నా నంబరును బ్లాక్ చేశాడు.

పోయిన డబ్బు కంటే, జపాను వాళ్ళు కథను సాగదీశారన్న ఆ మాటే నన్ను ఎక్కువగా గాయపరిచింది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఈ కథ వెలువడిన వారపత్రిక వీక్లీ షోనెన్ జంప్‌లో పాఠకులు పంపే పోస్టుకార్డుల ఆధారంగా కథల బలాబలాలను తూస్తారు. వెనుకబడిన కథను త్వరగా ముగించేస్తారు, ముందున్న కథను వదులుకోవడానికి సంపాదకవర్గానికి మనసొప్పదు. ఈ కథ రాసి, బొమ్మలు గీసిన అకిరా తోరియామా 19, 20 సంఖ్యల ఆండ్రాయిడ్లను (మరమనుషులను) ప్రతినాయకులుగా తెచ్చినప్పుడు ఆయన పాత సంపాదకుడు తోరిషిమాకు వారు నచ్చకపోవడంతో 17, 18 వచ్చారు. వారితోనూ తోరిషిమా తృప్తి పడకపోవడంతో సెల్ అనే మరో ప్రతినాయకుడు వచ్చాడు. ఆ పత్రిక అమ్మకం 65.3 లక్షల ప్రతుల వైపు ఎదుగుతున్న రోజులవి. 1995లో డ్రాగన్ బాల్, మరుసటి ఏడాది అదే పత్రికలోని మరో కథ స్లామ్ డంక్ ముగిశాక అమ్మకాలు పడిపోయి, 1997లో పోటీ పత్రిక దాన్ని దాటిపోయింది. ఒక కథ ఆగితే ఇంత నష్టమని తెలిసిన సంస్థ దాన్ని తేలికగా ఆగనిస్తుందా? అంత ఒత్తిడిలో పదేళ్ళకు పైగా వారం వారం బొమ్మలు గీసిన తోరియామా మీద నాకు గౌరవమే ఉంది. ఆయన శ్రమను అడ్డం పెట్టుకుని సగం కథను మొత్తం కథగా అమ్మిన మనిషిని మాత్రం క్షమించలేను.

నా తప్పూ ఉంది. ముగింపు ఉందా అని అడిగాను గాని, ఎన్ని సంపుటాలని ఒక్కసారైనా అడగలేదు. పిల్లవాడికి మాట ఇచ్చిన పెద్దవాణ్ణి, ఆ మాత్రం ముందే చూసుకోవలసింది.

దీర్ఘ ధారావాహికలు కొనేటప్పుడు మొత్తం సంపుటాలెన్నో ముందే తెలుసుకుని, చివరి సంపుటం ఫోటో అడగండి. 72 సంపుటాల నరుటో, 74 సంపుటాల బ్లీచ్ కూడా మూడేసి పెట్టెలుగా విడివిడిగా అమ్ముడవుతాయి. ఒక్క పెట్టెను చూసి మొత్తం వచ్చిందనుకోకండి. జెడ్ సంపుటాలు 26 ఎవరి దగ్గరైనా న్యాయమైన ధరకు ఉంటే దయచేసి తెలియజేయండి, మా వాడు ఎదురుచూస్తున్నాడు.