పాలు అంటే కాలు అని వినే మనిషికి చెవి మిషను: ఎనిమిది నెలల తర్వాత

మావారికి చెవి మిషన్లు కొని ఈ నెలతో ఎనిమిది నెలలు. కొన్న కొత్తలోనే రాయమని కోడలు అడిగింది. నేను ఒప్పుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లు నెల్లూరు జిల్లా బడుల్లో లెక్కలు చెప్పినదాన్ని, యూనిట్ టెస్టు చూసి వార్షిక ఫలితం ప్రకటించే అలవాటు నాకు లేదు.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. మేమిద్దరం రిటైరయ్యాక బెంగళూరులో అబ్బాయి దగ్గరికి, మత్తికెరెకు వచ్చేశాం. ఆయనకు ఇప్పుడు 68 ఏళ్లు. వచ్చిన ఏడాదిలోనే మొదలైంది. వంటింట్లోంచి నేను "పాలు వచ్చాయా?" అని అడిగితే ముందు గదిలోంచి "కాలు వాచిందా? ఎవరికి?" అని జవాబు. మొదట్లో ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. నాలుగోసారికి నవ్వు పోయింది. పదోసారికి నా గొంతు పెరిగింది. గొంతు పెరిగితే ఆయన "అంత అరుపు దేనికి, నేను చెవిటివాణ్ణా?" అని లేచి లోపలికి వెళ్లిపోయేవారు.

నిజంగా చెవుడేమో అని నాకు తోచకపోవడానికి కారణం ఉంది. వీధిలో ఆటో ఆగితే ఆయనకు వినబడుతుంది. తలుపు చప్పుడు వినబడుతుంది. పార్కులో పక్కన కూర్చున్న పెద్దమనిషి చెప్పే రాజకీయాలు వినబడతాయి. వినబడనిది నా మాట ఒక్కటే. దీన్ని దొంగ చెవుడు అనక మరేమంటారు? ఆరేళ్లు అదే అన్నాను. ఆయన ముందూ అన్నాను, కోడలి ముందూ అన్నాను.

అన్నిటికంటే చెడ్డ మాట మాత్రం అది కాదట. ఆయన "ఏమన్నావు?" అని అడిగినప్పుడల్లా నేను "ఏమీ లేదులే" అనేదాన్ని. రెండోసారి చెప్పే ఓపిక లేక అనే మాట అది. మనిషిని గుమ్మం బయట నిలబెట్టి తలుపేసినట్టు ఉండేదని ఈ మధ్యే చెప్పారు. అరుపు నయమట, కనీసం అందులో విషయం ఉంటుందట.

మెల్లగా ఆయన జేపీ పార్కు నడక మానేశారు, మోకాలి నొప్పి అన్నారు. కావలిలో ఉన్న చెల్లెలి ఫోను వస్తే "నువ్వే మాట్లాడు" అని నాకిచ్చేవారు. ఏడేళ్ల మనవడు బడి కబుర్లు చెప్పడానికి తాత దగ్గరికి వెళ్లడం తగ్గించాడు. ఎందుకురా అంటే "తాత ఊరికే నవ్వుతాడు నానమ్మా" అన్నాడు. అది కూడా నాకు బుర్రకెక్కలేదు. వయసు మీద పడి మనిషి ముడుచుకుపోతున్నాడనుకున్నాను.

కిందటేడు ఎలహంకలో తెలిసినవాళ్లింటికి పరామర్శకు వెళ్లాం. ఆ ఇంటాయన "అమ్మ పోయి రేపటికి పదకొండో రోజు" అంటే మావారు చక్కగా నవ్వి "చాలా సంతోషం" అన్నారు. తిరిగి వస్తుంటే ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. హెబ్బాళం వంతెన దాటాక "నాకు వినపడలేదు" అన్నారు. ఆరేళ్లలో ఆ మాట ఆయన నోట అదే మొదటిసారి.

చెవి డాక్టరు ముందు గులిమి తీసేశారు, దానివల్ల కొంత తేడా తెలిసింది. మిగతాదానికి పరీక్ష కావాలని రాశారు. అలా మల్లేశ్వరంలోని ఒక వినికిడి కేంద్రానికి వెళ్లాం. పేరు రాయను. ఆ పేరుతో ఊళ్లో బోలెడు శాఖలున్నాయి, నేను చూసింది ఒక్కటే. పైగా ముందు కౌంటరు గురించి చెప్పబోయేది మంచిమాట కాదు.

కౌంటరులో ఉన్న అబ్బాయి మావారి వయసు నన్నడిగాడు. ఏ చెవి ఇబ్బంది అని నన్నడిగాడు. ఆయన నా పక్కనే, అతనికి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. చెవి వినపడని వాళ్ల కోసమే పెట్టిన చోట కూడా మనిషిని దాటేసి పక్కవాళ్లతో మాట్లాడితే ఇక చెప్పేదేముంది? కౌంటరుకు వందకు ఇరవై. ఆ ఇరవై కూడా నీళ్లిచ్చినందుకు.

లోపల పరీక్ష చేసే అమ్మాయి సంగతి వేరు. ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, ఇచ్చే నమోదు పత్రం గోడకు తగిలించి ఉంది. మీరు ఎక్కడికి వెళ్లినా ముందు అది చూడండి, మిషన్లు అమ్మేవాళ్లందరూ ఆడియాలజిస్టులు, అంటే వినికిడి పరీక్ష నిపుణులు, కారు. బయటి చప్పుడు చొరని చిన్న గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా బొత్తం నొక్కమన్నారు. తర్వాత గీత కాగితం ఇచ్చారు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. నిలువు గీత మీద అంకెలు కిందికి దిగేకొద్దీ పెరుగుతాయి. నా విద్యార్థి ఎవరైనా అలా గీసుంటే కొట్టేసేదాన్ని.

శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లెక్క మాత్రం నాకు నచ్చింది. పది పెరిగితే శబ్దం బలం పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు. మావారి ఎడమ చెవి సగటు 50, కుడి చెవి 45. అంటే మామూలు చెవికి అందే అతి సన్నని చప్పుడు ఆయన ఎడమ చెవికి చేరాలంటే లక్ష రెట్ల బలం కావాలి. ఈ అంకె విన్నాక కాసేపు నేను ఆయన వైపు చూడలేకపోయాను.

ఆ గీత ఎడమ నుంచి కుడికి, అంటే శ్రుతి పెరిగేకొద్దీ, మెట్లు దిగినట్టు దిగుతుంది. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నని, హెచ్చు శ్రుతి శబ్దాలట. అచ్చులు లావుగా, బలంగా ఉంటాయి కాబట్టి నిలుస్తాయి. ప, క, త, స లాంటి హల్లులు సన్నవి, ముందు అవే జారిపోతాయి. పాలులో పకారం, కాలులో కకారం పోతే రెండింటిలోనూ మిగిలేది ఒకటే. అందుకే చప్పుడు వినబడుతుంది, మాట తెలియదు. ఆటో వినబడుతుంది, ఆడవాళ్ల గొంతు, చిన్నపిల్లల గొంతు అందవు. అందులోనూ నేను వీపు తిప్పి, కుళాయి విప్పి, వంటింట్లోంచి మాట్లాడతాను. పార్కు పెద్దమనిషిది బొంగురు గొంతు, ఎదురుగా కూర్చుంటాడు. ఆరేళ్ల నా సాక్ష్యాలన్నీ ఐదు నిమిషాల్లో ఎగిరిపోయాయి.

ఎదుటివాడి పనికి పరిస్థితిని వదిలేసి వాడి గుణాన్నే కారణంగా చూపే పొరపాటుకు లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక పేరు పెట్టాడని కోడలు చెప్పింది. పేరు ఏదైతేనేం, మా ఇంట్లో అది రోజూ జరిగింది. నేను పిలిస్తే ఆయన పలకలేదు, కాబట్టి లెక్కలేనితనం. ఆయన పిలిస్తే నేను పలకలేదు, ఎందుకంటే మిక్సీ తిరుగుతోంది.

ఇక్కడ బెంగళూరు తెలుగువాళ్లకు ఒక ముఖ్యమైన మాట. చప్పుళ్ల పరీక్ష తర్వాత మాటల పరీక్ష ఉంటుంది. వాళ్లు పలికిన మాటను మనం తిరిగి పలకాలి. మొదట కన్నడ మాటలు పెట్టారు. పాతిక మాటల్లో మావారికి పదకొండు వచ్చాయి. అందులో ఒకటి "హాలు", కన్నడలో పాలు. ఆయన "పాలు" అన్నారు, తప్పు వేశారు. వినబడక అన్నారా, విని మనసులో తెలుగు చేసి అన్నారా అన్నది ఆ దేవుడికే తెలియాలి. నేను తలుపు తోసుకుని వెళ్లి అడిగాను. ఆ అమ్మాయిది హిందూపురం, ఎదురు చెప్పకుండా తెలుగు మాటలతో మళ్లీ చేసింది. ఈసారి పద్దెనిమిది. 44 శాతం ఎక్కడ, 72 శాతం ఎక్కడ? మీ పెద్దవాళ్లను తీసుకెళ్తే సొంత భాషలోనే పరీక్ష చేయమని ముందే అడగండి.

బేరం దగ్గర మళ్లీ కౌంటరు అబ్బాయి వచ్చాడు. జత నలభై వేల నుంచి రెండున్నర లక్షల దాకా చూపించాడు. మేము తటపటాయిస్తుంటే, మిషను పెట్టుకోకపోతే మతిమరుపు జబ్బు వస్తుందని ఒక కాగితం చేతిలో పెట్టాడు. భయపెట్టి అమ్మడం నాకు పడదు. ఇంటికి వచ్చి అబ్బాయి చేత వెతికించాను. లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ 2020 నివేదిక, డిమెన్షియాకు (ఆ మతిమరుపు జబ్బుకు) దారితీసే, మనం మార్చుకోగల 12 కారణాల్లో వినికిడి లోపాన్ని చేర్చిన మాట నిజమే. కానీ 2023లో అదే లాన్సెట్‌లో వచ్చిన అచీవ్ అనే అమెరికా పరిశీలనలో 70 నుంచి 84 ఏళ్ల వాళ్లు 977 మందిని మూడేళ్లు చూస్తే, మొత్తం మీద మిషనుతో తేడా తేలలేదు. ముందే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో మాత్రం ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తక్కువైంది. ఇంత సంగతిని "పెట్టుకోకపోతే వస్తుంది" అని చెప్పడం సగం లెక్క చేసి జవాబు రాయడమే.

చివరికి జత 78 వేల రూపాయల రకం తీసుకున్నాం. చెవి వెనక కూర్చునేది, సన్నని తీగ లోపలికి వెళ్తుంది. చెవి మిషన్ల మీద జీఎస్టీ లేదు, బిల్లులో పన్ను కనబడితే నిలదీయండి. మా బీమా పైసా ఇవ్వలేదు. అంత పెట్టలేనివాళ్లు ముందు ఇక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రిలోని ఆడియాలజీ విభాగంలోనో, 1965 నుంచి ఉన్న మైసూరు వాక్ శ్రవణ సంస్థలోనో చూపించుకోవచ్చు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తారు. 2017లో ఆ పథకం మొదలైంది మా నెల్లూరులోనే.

మొదటి వారం నరకం. ఆయనకు తన గొంతే డబ్బాలోంచి వస్తున్నట్టుందట. స్టీలు గిన్నె కింద పెడితే ఉలిక్కిపడేవారు. పాల ప్యాకెట్టు కవరు ఇంత చప్పుడు చేస్తుందా అని అడిగారు. యశ్వంతపురం మార్కెట్టుకు పెట్టుకెళ్లి, పది నిమిషాల్లో తీసి జేబులో వేసుకుని వచ్చారు. మూడో రోజు మిషన్లు సొరుగులోకి చేరాయి. మా వియ్యపురాలి మిషను ఇప్పటికీ అలా సొరుగులోనే ఉంది, కాబట్టి డబ్బు పోయిందనే అనుకున్నాను.

ఆ కేంద్రానికి నేను మంచి మార్కులు వేసేది ఇక్కడే. ఫోను చేస్తే ఆ అమ్మాయి ఇద్దరినీ రమ్మంది. చెవిలోకి సన్నని గొట్టం పెట్టి, శబ్దం లోపల ఎంత చేరుతోందో కొలిచి సరిచేసింది. మొదటిరోజే చేయాల్సిన పని అది, అందుకు పది మార్కులు కోత. రోజుకు మూడు గంటలతో మొదలుపెట్టి, ఇంట్లో, నిశ్శబ్దంలో, మెల్లగా పెంచమంది. ఏళ్ల తరబడి వినని చప్పుళ్లను పట్టించుకోకుండా వదిలేయడం మెదడు మళ్లీ నేర్చుకోవాలి, వారాలు పడుతుందంది. తర్వాత నా వైపు తిరిగింది. ఎదురుగా వచ్చి మాట్లాడండి, ముందు పేరు పెట్టి పిలవండి, అరవకండి, అరిస్తే అక్షరాల ఆకారం చెడుతుంది, అర్థం కాకపోతే అదే మాట తిప్పి తిప్పి కాక వేరే మాటల్లో చెప్పండి. మిషను ఆయనకు, హోంవర్కు నాకు! పైగా నలభై ఏళ్ల కాపురంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచిందెప్పుడు? "ఏమండీ" చాలా అని అడిగాను. చాలంది.

లోపాలు ఉన్నాయి. నలుగురు ఒకేసారి మాట్లాడితే, టిఫిన్ హోటల్లో పళ్లేల మోత మధ్య ఉంటే, ఇప్పటికీ సగమే అందుతుంది. రెండున్నర లక్షలదైనా పూర్తిగా అందించదని ఆ అమ్మాయే చెప్పింది. చెమట పడితే గరగరమంటుంది, రాత్రి తేమ పీల్చే డబ్బాలో పెట్టాలి. పది రోజుల్లో వాపసు తీసుకుంటామని నోటితో చెప్పారు, బిల్లు వెనక మాత్రం పదిహేను శాతం కోత అని చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది. మిషనుకు 65, ఆ అమ్మాయికి 90.

ఆయన మళ్లీ పార్కుకు వెళ్తున్నారు. మోకాలి నొప్పి ఏమైందని నేను అడగలేదు. మనవడు తాత వెనక నిలబడి గుసగుసగా ఏదో అని, తాత తిప్పి చెబితే గెంతుతాడు. చెల్లెలితో ఫోను ఇప్పుడు గంట, నాకు ఇవ్వరు.

ఒక్క చిక్కు వచ్చింది. ఎదురుగా కూర్చుని, ఫ్యాను ఆపి, రెండు మిషన్లూ పెట్టుకుని ఉన్నప్పుడు కూడా, తమ్ముడికిచ్చిన అప్పు సంగతి ఎత్తితే ఆయనకు వినపడదు. ఆరేళ్లుగా చెవుడూ దొంగ చెవుడూ కలిసిపోయి నాకు విడదీయడం చేతకాలేదు, ఇప్పుడు విడివిడిగా కనబడుతున్నాయి. బ్యాటరీలు 312 సైజు, గోధుమ రంగు స్టిక్కరువి. మార్చిన తేదీలు క్యాలెండరు మీద రాస్తాను, ఎనిమిది నెలల సగటు ఆరున్నర రోజులు. నిన్న మంగళవారం భోజనాల దగ్గర అప్పు మాట మొదలుపెట్టగానే ఆయన చెవి తడుముకుని "బ్యాటరీ అయిపోయినట్టుంది" అన్నారు. క్యాలెండరు చూశాను. ఆదివారం పొద్దున మార్చాం.