ల్యాప్‌టాప్ మూసినా నడుస్తానే ఉంటుంది: ఓపెన్ ఆన్‌డిమాండ్‌తో నా ఏడాది

మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. నాన్న వనామీ రొయ్యలు సాకుతాడు. నేను వాటికొచ్చే తెల్లమచ్చ వైరస్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ వైరస్ జన్యుక్రమం దాదాపు 3 లక్షల అక్షరాలు, వినడానికి చిన్నదే. కానీ శాంపిల్‌లో రొయ్య డీఎన్ఏ కూడా కలిసి వస్తుంది. అందులోంచి వైరస్ ముక్కలు ఏరడానికి నా 8 జీబీ ల్యాప్‌టాప్ చాలదు, మా సంస్థ క్లస్టర్ (చాలా కంప్యూటర్లు కలిపి కట్టిన వ్యవస్థ) మీదే చేయాలి.

ముందు పుట్టీ అనే సాఫ్ట్‌వేర్‌తో దానిలోకి లాగిన్ అయి కమాండ్లు కొట్టేదాన్ని. ఎస్‌బ్యాచ్ అనే కమాండ్‌తో క్యూలో పెట్టిన పనికి భయం లేదు, అది తనంతట తానే నడుస్తుంది. దగ్గరుండి ఒక్కో కమాండ్ కొడుతూ చేసే పనికే టెన్షన్. కరెంటు పోయి రూటర్ ఆగిందంటే లాగిన్ తెగేది, దాంతోపాటు నడిచే పనీ పోయేది. లాగిన్ తెగినా పని ఆగకుండా ఉంచే టీమక్స్ వాడమని సీనియర్లు చెప్పేవాళ్లు, సగం రోజులు మర్చిపోయేదాన్ని.

ఏడాదిగా ఓపెన్ ఆన్‌డిమాండ్ వాడుతున్నాను. అమెరికాలోని ఒహాయో సూపర్‌కంప్యూటర్ సెంటర్ వాళ్లు తయారుచేసి 2017లో విడుదల చేసిన ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. దీంతో క్లస్టర్‌ను బ్రౌజర్ నుంచే వాడుకోవచ్చు. దీన్ని అడ్మిన్లు క్లస్టర్ దగ్గర పెట్టాలి. మన వైపు బ్రౌజర్, లాగిన్ ఉంటే చాలు.

కోడ్ రాసి అక్కడే నడిపి చూసుకునే జూపిటర్ నోట్‌బుక్ కావాలంటే ఒక ఫారం వస్తుంది. ఎన్ని గంటలు, ఎన్ని కోర్లు (లెక్కలు చేసే ప్రాసెసర్ భాగాలు), ఎంత మెమరీ అని నింపి లాంచ్ నొక్కితే ఒక కార్డు కనిపిస్తుంది. క్యూడ్, స్టార్టింగ్, రన్నింగ్ అని దాని మీద మాట మారుతూ ఉంటుంది. రన్నింగ్ పడగానే కనెక్ట్ బటన్ వస్తుంది. ఆ మాట కోసం చూస్తూ మొదట్లో పేజీ ముందే కూర్చునేదాన్ని. తర్వాత తెలిసింది, తక్కువ గంటలు, తక్కువ కోర్లు అడిగితే తొందరగా దొరుకుతుంది. ఆత్మకూరు బస్టాండులో ఎనిమిదిమంది ఉన్న కుటుంబం కంటే ఒక్క మనిషికి సీటు ముందు దొరికినట్టు. ఇప్పుడు 2 గంటలు, 4 కోర్లే అడుగుతాను.

ఒక రాత్రి పదింటికి కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగితే రొయ్యలకు ఊపిరాడదు, జనరేటర్ వేయడానికి నాన్న గుంట మీదికి బయలుదేరాడు. నేనూ ల్యాప్‌టాప్ మూసి వెంట లేచాను.

"ఏందమ్మా, పనైపోయిందా?"

"లేదు నాన్నా, నేను మూసినా అక్కడ నడుస్తానే ఉంటుంది."

పదకొండున్నరకు ఫోన్‌లోనే లాగిన్ అయి చూశాను. కార్డు మీద రన్నింగ్ అనే ఉంది, ఇంకా 22 నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఇంటికొచ్చి అదే నోట్‌బుక్ తెరిచి సేవ్ చేసుకున్నాను. ఆ రాత్రి నుంచి దీని మీద నాకు గురి కుదిరింది.

జాగ్రత్తపడాల్సినవీ ఉన్నాయి. అడిగిన గంటలు అయిపోగానే సెషన్ ఆగిపోతుంది. మెమరీలో ఉన్నది పోతుంది కాబట్టి మధ్యమధ్య ఫలితాలు ఫైల్లో రాసుకోవాలి. పెద్ద ఫైళ్లు బ్రౌజర్లో ఎక్కించడం మా ఊరి నెట్‌తో అయ్యే పని కాదు. 4 జీబీ ఫైలు ఒకటి ముప్పావు వంతు ఎక్కాక నెట్ తెగి, మళ్లీ మొదటికొచ్చింది. అవి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు ఆర్‌సింక్ అనే ఫైల్ కాపీ కమాండ్‌తో పంపుతాను. చిన్న స్క్రిప్టు దిద్దడానికి మాత్రం ఇందులోని ఫైల్ ఎడిటర్ ఎంతో హాయి. జన్యుక్రమాన్ని బొమ్మగా చూపే ఐజీవీ లాంటి సాఫ్ట్‌వేర్ రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరుచుకుంటుంది కానీ, సాయంత్రాలు నెట్ నెమ్మదిస్తే మౌస్ వెనకబడుతుంది.

క్లస్టర్ ఖాతా లేనివాళ్లు గెలాక్సీ అనే వెబ్‌సైట్ చూడండి. జీవశాస్త్రం వాళ్ల కోసం 2005లో మొదలైంది, ఖాతా ఉచితం, కమాండ్లు రాకపోయినా పని జరుగుతుంది. కావలిలో ఎమ్మెస్సీ చదివే మా పిన్ని కూతురు అందులోనే మొదటిసారి బీడబ్ల్యూఏ (డీఎన్ఏ ముక్కలను జన్యుక్రమంతో పోల్చి చోటు చూపే సాఫ్ట్‌వేర్) నడిపింది. "అక్కా, ఒకసారి చూసిపెట్టు" అని నిన్న తన హిస్టరీ (అందులో చేసిన పనుల చిట్టా) లింకు పంపింది.